లేపేది ఒకటి, మోసేది ఒకటి

డాలస్ శివారులో మా మేనల్లుడి ఇల్లు. గరాజులో ఒక పక్క పిల్లల్ని బడికి దింపే పెద్ద బండి ఉంటుంది, రెండో పక్క 1990 నాటి మాజ్దా మియాటా. ఎర్రటి కారు. రెండే సీట్లు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో జనం ముందుకి వచ్చిన ఈ కారంటే వాడికి ప్రాణం. వారమంతా కంప్యూటరు ముందు కూర్చునేవాడికి వారాంతంలో చేతులకి కాస్త మసి అంటాలి మరి.

ఆ శనివారం సాయంత్రం గేరుబాక్సు నూనె మార్చే పని పెట్టుకున్నాడు. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నాను. ట్రాలీ జాకీని ముందు నుంచి లోపలికి తోసి, కారు ముక్కు పైకి లేపాడు. ఒక చేత్తో నూనె పట్టే పళ్ళెం, ఇంకో చేత్తో టార్చి పట్టుకుని నేల మీద వెల్లకిలా వాలబోయాడు.

"ఆగరా," అన్నాను.

"రెండు నిమిషాల పని మామయ్యా. ఊరికే ఒకసారి చూసొస్తా. ఇది మూడు టన్నుల జాకీ. కారు టన్ను కూడా లేదు."

"టన్నుల సంగతి తర్వాత. ఇది రేపు పొద్దున దాకా ఇలాగే నిలబడుతుందంటావా?"

"ఎందుకు నిలబడదు?"

పందెం వేసుకున్నాం. నేల నుంచి కారు అడుగు దూలం దాకా టేపు పెట్టి కొలిచాం. 38.0 సెంటీమీటర్లు. ఆ అంకె నేల మీద సుద్దముక్కతో రాశాం. వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టి, పిల్లలు రాకుండా గరాజుకి తాళం వేశాం. తెల్లారి మళ్ళీ కొలిస్తే 36.4. రాత్రంతా ఎవరూ ముట్టుకోలేదు. కారు తనంతట తాను ఒకటిన్నర సెంటీమీటరు పైనే దిగింది.

"జాకీ పాడైందా?" అన్నాడు.

కాలేదు. దాని పని లేపడం. అది శుభ్రంగా లేపింది. మోయమని మనమే దానికి అప్పగించాం.

చిన్న బిందెడు బరువుతో అర టన్ను

మియాటా బరువు దాదాపు 1 టన్ను. ముందు ఇరుసు మీద సగం, వెనక ఇరుసు మీద సగం పడేలా తూకం వేసినట్టు కట్టారు. మలుపుల్లో అది అంత హాయిగా తిరగడానికి ఈ తూకం ఒక కారణం. కాబట్టి ముక్కు లేపడమంటే సుమారు 500 కిలోలు లేపడం. మా వాడు ఒంటి చేత్తో, మాట్లాడుతూ లేపేశాడు. అంత బలం వాడికి ఎక్కడిది?

మూసిన పాత్రలో ఉన్న ద్రవాన్ని ఒక చోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా ఒకేలా పాకుతుంది. ఈ సంగతి తేల్చినవాడు ఫ్రాన్సు దేశపు బ్లెయిజ్ పాస్కల్. దాని మీద ఆయన రాసిన గ్రంథం ఆయన పోయిన మరుసటి ఏడాది, 1663లో అచ్చయింది. ఒత్తిడి ఒకటే అయినప్పుడు, అది తగిలే వైశాల్యం ఎంత పెద్దదైతే తోపు అంత పెద్దది. జాకీలో రెండు పిస్టన్లుంటాయి. చిన్నదాని అడ్డుకొలత 1 సెంటీమీటరు, పెద్దదానిది 4 సెంటీమీటర్లు అనుకుందాం. వైశాల్యం 16 రెట్లు, కాబట్టి బలమూ 16 రెట్లు. దానికి తోడు మీటరు పొడవు పిడి మరో 20 రెట్లు ఇస్తుంది. మొత్తం 320. అయితే ట్రాలీ జాకీలో కారుని మోసే చెయ్యి పొడవుగా ఉంటుంది, దాన్ని తోసే పిస్టను మాత్రం మొదలు దగ్గర ఉంటుంది. అక్కడ ఒక 5 రెట్లు పోగొట్టుకుంటాం. చివరికి చేతిలో మిగిలేది 64 రెట్లు. 500 కిలోలకి సుమారు 8 కిలోల నొక్కు చాలు. చిన్న బిందెడు నీళ్ళు దించినంత పని.

ప్రకృతి ఎవరికీ అప్పు మాఫీ చెయ్యదు. బలంలో 64 రెట్లు తీసుకుంటే దూరంలో 64 రెట్లు కట్టాలి. కారు 25 సెంటీమీటర్లు లేవాలంటే చెయ్యి 16 మీటర్లు తిరగాలి. ఒక్కో ఊపుకి 60 సెంటీమీటర్ల చొప్పున 27 సార్లు పిడి కొట్టాలి. అందుకే జాకీతో ఎవరికీ ఒక్కసారిగా బరువు తెలియదు. ఈ తెలియకపోవడంలోనే ప్రమాదం మొదలవుతుంది. అర టన్ను లేపుతున్నామన్న సంగతి చేతికి అందకుండా పోతుంది.

సైకిల్ పంపులో తోలు వాషరు

ఇప్పుడు లోపలి లెక్క చూద్దాం. 500 కిలోల కారు, 5 రెట్ల చెయ్యి, పెద్ద పిస్టను మీద పడే బరువు 2,500 కిలోలు. పిస్టను వైశాల్యం 12.6 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద దాదాపు 200 కిలోలు. కారు టైరులో గాలి ఒత్తిడి ఇందులో నూరోవంతు. ఇంతటి ఒత్తిడిలో ఉన్న నూనెని బయటికి పోనీకుండా ఆపుతున్నది పిస్టను చుట్టూ ఉన్న ఒక రబ్బరు వలయం, కిందికి దించే మర దగ్గర ఉన్న గోళీ అంత ఉక్కు గుండు. గుండు కింద చిన్న ఇసుక రేణువు చిక్కుకున్నా, రబ్బరు కాస్త ఎండిపోయినా నూనె సన్నగా జారుతుంది. మా 16 మిల్లీమీటర్లు అలా పోయినవే.

ఈ చిక్కు కొత్తది కాదు. ద్రవపు ఒత్తిడితో పనిచేసే ప్రెస్సుకి 1795లో జోసెఫ్ బ్రామా ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. సూత్రం పాస్కల్‌దే, కానీ యంత్రం కారిపోయేది. బిగువుగా చుడితే పిస్టను కదలదు, వదులుగా చుడితే నీళ్ళు ఆగవు. బ్రామా దగ్గర పనిచేసిన కుర్రవాడు హెన్రీ మాడ్స్‌లీ దానికి తోలు గిన్నెలాంటి వాషరు అమర్చి దారి చూపాడని చెబుతారు. గిన్నె లోపలి వైపు నీరు నొక్కితే అంచులు విచ్చుకుని గోడకి అతుక్కుంటాయి. ఒత్తిడి పెరిగినకొద్దీ బిగువు పెరుగుతుంది, ఒత్తిడి పోతే వదులవుతుంది.

ఇది మనకి కొత్త వస్తువు కాదు. సైకిల్ పంపు విప్పినవాడు ఎవడైనా ఆ తోలు వాషరు చూసే ఉంటాడు. అది ఎండిపోయి గాలి ఎక్కకపోతే రెండు చుక్కలు నూనె వేసి మెత్తబరిచేవాళ్ళం. ఊరి బోరింగుకి నీళ్ళు రాకపోతే మొదట చూసేది కూడా వాషరే. బోరింగు వాషరు పోతే బిందె ఖాళీగా ఇంటికొస్తుంది. జాకీ వాషరు పోతే జరిగేది వేరు. తేడా వాషరులో లేదు, దాని కింద ఎవరున్నారన్న దానిలో ఉంది.

మెనాయ్ జలసంధిలో ఆగస్టు

బ్రామా కనిపెట్టిన ఆ యంత్రమే అర్ధ శతాబ్దం తర్వాత ఒక పెద్ద పరీక్షకి నిలబడింది. వేల్సు ప్రధాన భూభాగానికీ ఆంగ్లసీ దీవికీ మధ్య మెనాయ్ జలసంధి ఉంది. దాని మీద రైలు వంతెన కట్టే పని ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్‌ది. కింద తెరచాప ఓడలు పోవాలి గనక వంతెన నీటికి దాదాపు 100 అడుగుల ఎత్తున ఉండాలి. ఆయన ఇనుప రేకులు బిగించి పెద్ద పెద్ద గొట్టాలు చేయించాడు. రైలు ఆ గొట్టంలోంచే పోతుంది. నీటి మీద వేసే ఒక్కో గొట్టం పొడవు 460 అడుగుల పైన, బరువు 1,500 టన్నుల పైన. వాటిని ఒడ్డున తయారుచేసి, పడవల మీద తేల్చి, స్తంభాల మధ్యకి తెచ్చి, హైడ్రాలిక్ ప్రెస్సులతో పైకి లాగాలి.

అక్కడ స్టీఫెన్‌సన్ ఒక షరతు పెట్టాడు. గొట్టం లేస్తున్నకొద్దీ దాని కింద ఖాళీ ఉండకూడదు. ఎంత లేస్తే అంతా వెంటవెంటనే చెక్కలతో, ఇటుక కట్టుబడితో నింపుకుంటూ పోవాలి. పని ఎంతో నెమ్మదిస్తుంది. ప్రెస్సులు బాగానే పనిచేస్తున్నప్పుడు ఇదంతా ఎందుకనిపిస్తుంది. అయినా అలాగే చేశారు.

1849 ఆగస్టులో ఒక ప్రెస్సు సిలిండరు అడుగు పగిలిపోయింది. ఊడిన ఇనుప ముద్ద కింద పడి ఒక పనివాడి ప్రాణం తీసింది. గొట్టం ఆ చివర కిందికి వచ్చింది, కానీ కొన్ని అంగుళాలే. కింద కట్టుబడి ఉండటం వల్ల అక్కడే ఆగింది. లేకపోతే 1,500 టన్నుల ఇనుము జలసంధిలో కలిసేది. బాగుచేసి మళ్ళీ లేపారు. 1850 మార్చిలో వంతెన మీద రైళ్ళు నడిచాయి.

కొన్ని అంగుళాలకీ కొన్ని అడుగులకీ ఉన్న తేడా ఏమిటో మన కారుతోనే లెక్క వేసుకోవచ్చు. 500 కిలోల భాగం 20 సెంటీమీటర్లు పడి, ఆ తర్వాతి 1 సెంటీమీటరులో ఆగిందనుకోండి. 21 సెంటీమీటర్ల పొడవునా భూమి దానికిచ్చిన శక్తినంతా ఆ 1 సెంటీమీటరులో వదిలించుకోవాలి. అప్పుడు కింద ఉన్నదాని మీద పడే బలం సుమారు 10 టన్నులు. నిలకడగా ఉన్నప్పుడు అర టన్ను, పడి ఆగేటప్పుడు 10 టన్నులు. కాబట్టి కింద పెట్టే ఊతం బలంగా ఉంటే చాలదు, దగ్గరగా కూడా ఉండాలి. స్టీఫెన్‌సన్ ఖాళీ లేకుండా నింపమన్నది అందుకే.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎద్దుబండి ఇరుసుకి కందెన పెట్టేవారు. ఒకరు పలుగుతో ఇరుసుని లేపితే, ఇంకొకరు దాని కిందికి మొద్దు తోసేవారు. పలుగు తీసేశాకే చక్రం ఊడదీసేవారు. పలుగు మీదే బండిని ఆపి ఎవరూ చక్రం ఇప్పలేదు. జాకీ అంటే నూనెతో పనిచేసే పలుగు, లేపిన కారు కింద ఊతంగా పెట్టే స్టాండు అంటే ఉక్కు మొద్దు.

ఇనుప నాలుక

స్టాండులో నూనె లేదు, వాషరు లేదు. నాలుగు కాళ్ళ పీఠం, అందులోంచి పైకి వచ్చే కమ్మీ, కమ్మీకి ఒక వైపు రంపం లాంటి పళ్ళు, ఆ పళ్ళలో పడే ఒక ఇనుప నాలుక. పళ్ళు ఒక వైపు వాలుగా, రెండో వైపు నిటారుగా ఉంటాయి. కమ్మీ పైకి పోతుంటే నాలుక వాటి మీద టకటకమని జారుతుంది. కిందికి రాబోతే పంటి కింద ఇరుక్కుంటుంది. బరువు పెరిగినకొద్దీ మరింత గట్టిగా ఇరుక్కుంటుంది. మాడ్స్‌లీ వాషరులో ఉన్న కిటుకే ఇదీ. ఆపాల్సిన బలమే బిగింపుకి బలం.

అయితే నాలుక పంటి కింద పూర్తిగా కూర్చోవాలి. 2020లో అమెరికాలో ఒక పెద్ద పనిముట్ల దుకాణాల సంస్థ తాను అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లని పది లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. అరిగిపోయిన అచ్చులతో చేసిన భాగాల్లో పళ్ళూ నాలుకా సరిపడా లోతుగా కలవడం లేదు. కారు అటూ ఇటూ కదిలితే నాలుక జారి స్టాండు ఒక్కసారిగా దిగిపోవచ్చు. తర్వాత కొన్ని నెలలకే, బదులుగా ఇచ్చిన వాటిలో కొన్నిటికి వెల్డింగు లోపం బయటపడి వాటినీ పిలవాల్సి వచ్చింది. అందుకే చాలామంది కమ్మీలోంచి అడ్డంగా ఉక్కు పిన్ను గుచ్చే రకం కొంటారు. రెండూ ఉన్నవి ఇంకా మేలు. స్టాండు మీద రాసిన టన్నులు ఒక్కోదానికా, జతకా అన్నది కూడా లేబులు మీద చదవాలి.

స్టాండుకి బదులు బోలు సిమెంటు ఇటుకలు పెట్టేవాళ్ళని ఇక్కడా అక్కడా చూశాను. గోడలో ఉన్నప్పుడు ఆ ఇటుక మీద బరువు సమంగా పరుచుకుంటుంది. కారు అంచు దాని మీద ఒక గీతలా ఆనుతుంది. ఉక్కు విరిగేముందు వంగుతుంది, చెక్క మూలుగుతుంది. సిమెంటు ఏమీ చెప్పదు, పగలడమే.

పక్కకి పడే కారు

ఇంతవరకూ కారు కిందికి దిగడం గురించి మాట్లాడుకున్నాం. కారు పక్కకి కూడా పడుతుంది. స్టాండు ఎంత బలమైనదైనా, దాని మీంచి కారు జారిపోతే ఆ బలం ఎందుకూ కొరగాదు.

ముక్కు 25 సెంటీమీటర్లు లేచిందనుకోండి. మియాటా ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 2,265 మిల్లీమీటర్లు. కారు 6 డిగ్రీలకి పైగా వాలుతుంది. చూడటానికి అదేం పెద్ద వాలు కాదు. కానీ కారు అడుగు భాగం ఇప్పుడు స్టాండు తల మీద ఏటవాలుగా కూర్చుంది. 500 కిలోల బరువులో 50 కిలోలకి పైగా కారుని వెనక్కి తోసే బలంగా మారుతుంది. రాపిడి దాన్ని ఆపాలి. రాపిడి చాలకపోతే వెనక చక్రాల వెనకున్న అడ్డుచెక్క ఆపాలి.

ఇంకో సంగతి. ముక్కు నిట్టనిలువుగా లేవదు. వెనక చక్రాల దగ్గర కీలు పెట్టిన తలుపులా అది వంపు గీస్తూ లేస్తుంది. జాకీ చెయ్యి కూడా తన వంపు తాను గీస్తుంది. రెండు వంపులూ ఒకటి కావు. ఆ తేడా సర్దుకోవడానికే ట్రాలీ జాకీకి చక్రాలున్నాయి. గచ్చు మీద జాకీ మెల్లగా కారు కిందికి పాకుతూ పోవడం గమనిస్తే కనిపిస్తుంది. అదే కంకర మీదో, మట్టి మీదో ఆ చక్రాలు కూరుకుంటే జాకీ పాకలేదు. అప్పుడు దాని తల మీద కారు జారాలి, లేదా జాకీయే ఒరగాలి.

కారుతో పాటు డిక్కీలో వచ్చే మర జాకీ సంగతి దీనికి తలకిందులు. దానిలో నూనె లేదు, మర పురుల మధ్య రాపిడే దాన్ని పట్టి ఉంచుతుంది, కాబట్టి రాత్రంతా ఉంచినా దిగదు. కానీ దాని పాదం అరచేయంత. దిగని జాకీ ఒరుగుతుంది. అది దారిలో స్టెప్నీ మార్చుకోవడానికి ఇచ్చింది, కారు కింద పడుకోవడానికి కాదు.

చక్రం గాల్లో ఉంటే బ్రేకు ఎవరికి?

మియాటాకి ఇంజను ముందుంటుంది, తిరిగేవి వెనక చక్రాలు. హ్యాండ్ బ్రేకు పట్టేది కూడా వెనక చక్రాలనే. గేరులో పెట్టి, బ్రేకు లాగి వెనక వైపు లేపామనుకోండి. మన జాగ్రత్తలు రెండూ గాల్లోకి లేచిపోయాయి. నేల మీద మిగిలిన ముందు చక్రాలకి ఏ బ్రేకూ లేదు. అక్కడ అడ్డుచెక్క తప్ప దిక్కు లేదు.

ఒక్క వెనక చక్రమే లేచినా గేరుని నమ్మకూడదు. మామూలు డిఫరెన్షియల్ మలుపుల్లో రెండు చక్రాలు వేరువేరు వేగాలతో తిరగడానికి వీలిస్తుంది. ఒక చక్రం గాల్లో ఉంటే, గేరు పట్టి ఉంచినా నేల మీదున్న చక్రం ముందుకి తిరుగుతుంది, గాల్లోది వెనక్కి తిరుగుతుంది. గేరు కర్ర కదలదు, కారు కదులుతుంది.

ఇక నాలుగు స్టాండ్ల సంగతి. పొయ్యికి మూడు రాళ్ళే పెట్టేవారు. మూడు రాళ్ళ మీద కుండ ఎప్పుడూ ఊగదు, ఎందుకంటే ఏ మూడు బిందువులైనా ఒక తలం మీద ఇముడుతాయి. నాలుగో రాయి వచ్చిందంటే తగువే. ముందు మధ్యలో జాకీ, వెనక రెండు చక్రాలు ఉన్నప్పుడు కారు మూడు రాళ్ళ పొయ్యి. నాలుగు స్టాండ్ల మీద అది నాలుగు కాళ్ళ కుర్చీ. ఒక స్టాండు ఒక పన్ను తక్కువగా ఉంటే దాని మీద బరువే పడదు. అప్పుడు ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు స్టాండ్లు దాదాపు మొత్తం మోయాలి. 250 కిలోలు మోస్తుందనుకున్నది 500 మోస్తుంది. టన్ను కారుకి 3 టన్నుల స్టాండ్లు ఎందుకని అడిగేవాళ్ళకి ఇదే జవాబు.

స్టాండు ఎత్తు మరో లెక్క. పీఠం 20 సెంటీమీటర్ల చదరం, తల ఎత్తు 40 సెంటీమీటర్లు, మీద 250 కిలోలు ఉంటే, దాన్ని పక్కకి ఒరిగించడానికి తల దగ్గర 60 కిలోల పైచిలుకు తోపు చాలు. 30 సెంటీమీటర్లకి దించితే 80 దాటాలి. తుప్పు పట్టిన నట్టుకి పొడవాటి పానా వేసి కాళ్ళు తన్నిపెట్టి లాగేవాడు తేలికగా అంత బలం పెడతాడు. అందుకే పనికి ఎంత ఎత్తు కావాలో అంతే లేపాలి. చక్రాల నట్లు కారు నేల మీద ఉండగానే వదులు చెయ్యాలి. చివరి బిగింపు కూడా కారు నేల మీదికి దిగాకే.

ఆదివారం పని

గేరుబాక్సులో నూనె మట్టం సరిగ్గా తెలియాలంటే కారు చదునుగా ఉండాలి. ముక్కు ఒక్కటే లేపితే లెక్క తప్పుతుంది. కాబట్టి నాలుగు మూలలూ లేవాలి. శనివారం చేసిన పని ఎటుచూసినా సగమే.

ముందు నేల చూశాం. గచ్చు చదునుగా ఉంది. వాకిట్లో తారు మీద అయితే స్టాండు కాళ్ళ కింద మందపాటి చెక్కలు వెయ్యాల్సిందే. ఎండాకాలం తారులో నాలుగు సన్నటి ఇనుప కాళ్ళు ఎలా దిగుతాయో మన లారీ వాళ్ళకి తెలుసు. జాకీ కింద చెక్క లేకుండా వాళ్ళు లారీ లేపరు.

తర్వాత చిక్కు స్పోర్ట్స్ కార్లన్నిటికీ ఉన్నదే. నేలకి అంటుకుపోయి ఉంటాయి. జాకీ తల లోపలికి పోయినా, పిడి ఆడించబోతే బంపరుకి తగులుతుంది. మా వాడు ముందు చక్రాలని రెండు మందపాటి పలకల మీదికి ఎక్కించాడు. నాలుగు సెంటీమీటర్ల ఎత్తు దొరికింది. అంతే కావాల్సింది.

జాకీ ఎక్కడ ఆనించాలన్నది ప్రతి కారుకీ వేరు. పోర్షే 911లో ఇంజను వెనక ఇరుసుకి ఇంకా వెనక ఉంటుంది, బరువు అటే వాలుతుంది. కార్వెట్‌కి 1953 నుంచీ ఒళ్ళు ఉక్కు కాదు, కింద నిర్ణయించిన చోట్ల తప్ప ఎక్కడ నొక్కినా పగలొచ్చు. మియాటాకి ముందు ఇంజను కింద అడ్డంగా పోయే ఉక్కు దూలం మధ్య భాగం, వెనక డిఫరెన్షియల్ మధ్య భాగం. దూలానికి దగ్గర్లోనే నూనె తొట్టి ఉంటుంది, పొరపాటున దాన్ని నొక్కితే సొట్ట. గేరుబాక్సు నుంచి డిఫరెన్షియల్ దాకా పొడవుగా ఒక అల్యూమినియం చట్రం పోతుంది. పట్టుకోవడానికి వీలుగా కనిపిస్తుంది గానీ, దాని మీద ఎప్పుడూ లేపకూడదు. స్టాండ్లు పెట్టే చోటు తలుపుల కింది అంచు. అక్కడ రెండు రేకులు కలిపి అతికిన సన్నటి మడత ఉంటుంది. ఉక్కు తల నేరుగా తగిలితే మడత వంగిపోతుంది, వంగుతూ జారుతుంది. మధ్యలో గాడి ఉన్న రబ్బరు దిమ్మ పెడితే మడత గాడిలో కూర్చుంటుంది, బరువు పక్కనున్న గట్టి భాగం మోస్తుంది.

వెనక చక్రాలకి రెండు వైపులా అడ్డుచెక్కలు. ముక్కు లేపి, రెండు స్టాండ్లు తక్కువ ఎత్తులో పెట్టాడు. జాకీని మెల్లగా, పిట్టకి గింజలు వేసినంత నెమ్మదిగా వదిలాడు. బరువు స్టాండ్ల మీదికి మారేటప్పుడు టక్కుమని చిన్న చప్పుడు. నాలుక పంటిలో కూర్చున్న చప్పుడు అది. టార్చి వేసి చూసుకున్నాడు. తర్వాత వెనక్కి వెళ్ళి డిఫరెన్షియల్ కింద జాకీ పెట్టాడు.

"ఇప్పుడే జాగ్రత్త," అన్నాను. "వెనక లేస్తుంటే వాలు తగ్గుతుంది. ముందు స్టాండ్ల తల మీద కారు కొంచెం దొర్లుతుంది."

వాడు ఒంగి చూస్తూ కొద్దికొద్దిగా కొట్టాడు. వెనక స్టాండ్లు పెట్టాక మళ్ళీ ముందుకి వచ్చి నాలుగు కాళ్ళూ నేలకి ఆనాయా అని వేలు దూర్చి చూశాడు. ఇంకా ఎత్తు కావాలంటే ముందొక పన్ను, వెనకొక పన్ను. ఒకేసారి ఒక వైపు మొత్తం లేపకపోతే వాలు ఎప్పుడూ చిన్నదే. మెనాయ్‌లో చేసిందీ ఇలా కొంచెం లేపి, కొంచెం ఆనించడమే.

చివరి పని కుదపడం. బంపరు మీద, తలుపు అంచు మీద చేతులు వేసి నాలుగు మూలల్లోనూ గట్టిగా ఊపాడు. చూసేవాళ్ళకి పిచ్చి పనిలా ఉంటుంది. పడేదేదో మనం కిందికి దూరకముందే పడాలి. ఒక మూల సన్నగా కిర్రుమంది. వెనక ఎడమ స్టాండు కాలు కింద నిన్నటి సుద్దముక్క చిక్కుకుంది. జాకీ మళ్ళీ పెట్టి, దాన్ని తీసి, మళ్ళీ ఊపాడు. కారు ఇంటి గోడలా నిలబడింది.

చక్రాలు రెండు ఊడదీసి తెచ్చి, తలుపుల అంచు కిందికి పడుకోబెట్టి తోశాడు. ఆ టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు. ఒక వైపు స్టాండ్లు రెండూ పోయినా కారు దాని మీద ఆగుతుంది. ఖర్చు లేని కట్టుబడి. జాకీని కూడా డిఫరెన్షియల్‌కి తగిలీ తగలనట్టు ఉంచాడు. లేపాల్సినప్పుడు లేపింది, ఇప్పుడది కాపలా మాత్రమే.

అప్పుడు పడుకుని లోపలికి జరిగాడు. నేను మళ్ళీ కుర్చీ వేసుకున్నాను. లోపలి నుంచి పానా చప్పుడు, నూనె పళ్ళెంలో ధారగా పడే చప్పుడు. గంట తర్వాత మోచేతుల దాకా నలుపుతో బయటికి వచ్చాడు.

సాయంత్రం గరాజు కడుగుతూ ఒక చోట నీళ్ళ గొట్టం పక్కకి తిప్పాడు. 38.0, దాని కింద 36.4 అని సుద్ద గీతలున్న చోటు అది.

"అది ఉండనీ మామయ్యా," అన్నాడు. "జాకీ పెట్టే చోటు కదా."